తసమదీయుల వరసలో నేనూ, పిన్నీ

టికెట్లు బుక్ చేస్తుంటే మొట్టమొదట అడిగింది సీటు సంగతి కాదు. ‘మీరు అసమదీయులా, తసమదీయులా?’ అని. అంటే మనవాళ్ళా, కానివాళ్ళా అని. నడవాకి ఎడమ పక్క సీట్లన్నీ అసమదీయులవి, కుడి పక్కవి తసమదీయులవి. నేను అలవాటుగా మొదటిదాని మీద నొక్కబోయాను. పక్కన కూచుని కళ్ళజోడు తుడుచుకుంటున్న మా పిన్ని తల తిప్పకుండానే అంది:

“రెండోదాన్లో వెయ్యి.”

“అటు దుర్యోధనుడి పార్టీ పిన్నీ. మనం అటు కూచోవడమేమిటి?”

“వెయ్యమన్నాను కదరా.”

బాత్రూం అటువైపు దగ్గరేమోనని ఊరుకున్నాను. 75 దాటిన మనిషి, 184 నిమిషాల సినిమా. అడక్కుండా వేసేశాను.

ఆ సినిమా ‘మాయాబజార్’ అని వేరే చెప్పక్కర్లేదు కదా. సినిమా పిచ్చి ఉన్న కుర్రకారు కొందరు చేరి, ఒక హాలు ఒక సాయంత్రానికి మాట్లాడుకుని ఈ ఆట వేశారు. మామూలుగా నోరు మూసుకుని చూసే ఆట కాదు. పాట వస్తే హాలంతా పాడాలి. మాటలు నోటికొచ్చినవాళ్ళు అందుకోవచ్చు. శకుని కనబడితే ఛీకొట్టాలి, ఘటోత్కచుడు కనబడితే తొడ చరచాలి. నాకు ఈ ఆలోచన ఎంత నచ్చిందో చెప్పలేను. చిన్నప్పుడు వీడియో క్యాసెట్టు అరిగేలా చూసినవాణ్ణి. ఇంట్లో పక్క తిన్నగా లేకపోతే ‘ఇది తల్పమా, గిల్పమా’ అని మా ఆవిడ ప్రాణం తీసేవాణ్ణి. ఇన్నాళ్ళకి నా విద్యకి ఓ వేదిక దొరికింది.

పిన్నికి మాత్రం ఏర్పాటు నచ్చలేదు. “సినిమాకెళ్ళి అరవడానికి ఎవడో నేర్పడమేమిటి?” అంది. తను మొదటిసారి చూసింది టూరింగు టాకీసులో, నేల టికెట్టుకి, ఇసకలో కూచుని. కృష్ణుడి వేషంలో రామారావు కనబడగానే ముందు ఎవరో కర్పూరం వెలిగించారట. ఒకాయన చిల్లర విసిరితే, ఏరుకోడానికి పిల్లలు తెర కిందకి దూరారట. ఆపరేటరు రీలు మార్చేటప్పుడు జనం ఆగిన పాట ఆగినచోటినుంచి వాళ్ళే పాడేసుకునేవారట. “మాకెవరూ కాయితం ఇవ్వలేదు నాయనా,” అంది. అంటూనే ఉతికిన చీర తీసి మడతలు సరిచేసుకుంది.

గుమ్మంలో తలా ఒక సంచీ ఇచ్చారు. అందులో పాటల కాగితం, అట్టతో కత్తిరించిన నెమలి పింఛం, ఖాళీ కాగితం పళ్ళెం, ఒక వీరతాడు. ఈ వీరతాడు గురించి కొంచెం చెప్పాలి. సినిమాలో ఘటోత్కచుడు మెచ్చినవాళ్ళ మెడలో వేయించేది ఇదే. పసుపు రంగద్దిన జనపతాడు, రెండు పేటలు కలిపి పేనారు. కింద బంగారు రంగు కాగితం అంటించిన అట్టబిళ్ళ వేలాడుతోంది. పేనింది ఎవరో గానీ పేనడం వచ్చిన చెయ్యి కాదు. మెడలో వేసుకున్న రెండు నిమిషాలకే పురి వదిలి పోగులు బయటికొచ్చాయి. పిన్ని కళ్ళజోడు జారిపోకుండా మెడకి ఓ నల్లతాడు కట్టుకుంటుంది. ఆ పోగులు వెళ్ళి ఆ తాడుని చుట్టుకున్నాయి.

పాటల కాగితం వెనక నియమాలు రాశారు. తెరమీదకి ఏదీ విసరకూడదు. సీట్లెక్కకూడదు. పద్యం వస్తే గొంతు కలపకూడదు. బియ్యం, అక్షింతలు, పువ్వులు లోపలికి తేకూడదు. పిన్ని ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చివరిదాకా చదివి, మడిచి, చేతిసంచీలో పెట్టుకుంది. ఆ సంచీని ఎందుకంత జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుందో అప్పటికి నాకు అనుమానం రాలేదు.

హాలు బయట ‘ప్రియదర్శిని’ అని రాసి ఓ పెట్టె పెట్టారు. సినిమాలో అది తెరిస్తే ఎవరికి ఏది ఇష్టమో అదే కనబడుతుంది కదా. ఇక్కడ తెరిస్తే అద్దం. నాకు ముందు తెరిచినాయన “ఇంతేనా, నా మొహమే” అని నిరుత్సాహపడి మూసేశాడు.

ఆట మొదలయ్యేముందు ఓ పావుగంట సాధన చేయించారు. మైకు పట్టుకున్న కుర్రాడు నాటకాలు వేసేవాడల్లే ఉంది, గొంతు బాగా పలుకుతోంది. ఛీకొట్టడం, తొడ చరచడం, చప్పట్ల దరువు అన్నీ ఒక్కోసారి చేయించాడు. మధ్యలో ఈ పద్ధతి ఎక్కడిదో చెప్పాడు. అమెరికాలో 1975లో ‘రాకీ హారర్ పిక్చర్ షో’ అనే సినిమా వచ్చిందట. మరుసటి ఏడు న్యూయార్కులో ఒక థియేటర్లో అర్ధరాత్రి ఆటలు మొదలైతే, జనం తెరతో మాటకి మాట అనడం, పాత్రల్లా వేషాలు కట్టుకొచ్చి తెరముందు ఆడటం అలవాటు చేసుకున్నారట. పెళ్ళి సీను వస్తే బియ్యం చల్లుతారట.

“పెళ్ళికి అక్షింతలు వెయ్యడం న్యూయార్కువాళ్ళు నేర్పాలా?” అంది పిన్ని. మెల్లిగా అన్నాననుకుంది, నాలుగు వరసలకి వినబడింది. తసమదీయులందరూ చప్పట్లు కొట్టారు. ఆ కుర్రాడు పాపం నవ్వేసి, “మామ్మగారూ, మీకో ప్రశ్న. పాండవులు ఐదుగురిలో ఈ సినిమాలో ఎంతమంది కనబడతారు?” అన్నాడు.

అటుపక్క నుంచి భీముడనీ అర్జునుడనీ కేకలొచ్చాయి. నేను కూడా ధర్మరాజు ఎక్కడో ఒకచోట ఉన్నాడనే అనుకున్నాను. కానుకలు పంపిస్తాడు కదా.

“ఒక్కడూ లేడు,” అంది పిన్ని. “పేర్లే వినబడతాయి. అసలీ కథే వ్యాసుడు రాసింది కాదు. మనవాళ్ళు కల్పించుకున్నది. సురభివాళ్ళ నాటకంలో చూశాను నేను.”

రెండో వీరతాడు తెచ్చి పిన్ని మెడలో వేశారు. ఆ చిక్కు ఇంకా పెరిగింది.

వేసింది నలుపు తెలుపు ప్రింటే. 2010లో రంగులద్ది విడుదల చేసినది వేస్తారనుకుని వచ్చినవాళ్ళు కొందరు గొణిగారు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. రంగుల్లో నగలు మెరుస్తాయి, కాదనను. వెన్నెల మాత్రం నలుపు తెలుపుల్లోనే వెన్నెల.

మొదటి అరగంట ఎవరూ నోరు విప్పలేదు, అదో వింత. అరవడానికే వచ్చిన జనం, అరవమని చెప్పాక సిగ్గుపడ్డారు. పక్కవాడు మొదలుపెడితే అందుకుందామని అందరం పక్కవాణ్ణి చూస్తున్నాం. దానికి తోడు తెర కింద వేసిన పాట మాటలు పాటకంటే ఒక పాదం ముందు పరిగెత్తాయి. చూసి పాడేవాళ్ళు ఒకటి పాడుతుంటే, విని పాడేవాళ్ళు ఇంకోటి. ‘శ్రీకరులు దేవతలు’ అలా రెండు ముక్కలైంది. తర్వాత ఎవరో ఆ మాటలు తీసేశారు, హాలు బాగుపడింది. అవి అందరికీ వచ్చిన పాటలేగా. చూసి పాడబట్టే తప్పులొచ్చాయి.

మా వెనక వరసలో ఒకాయన ఉన్నాడు. ప్రతి డైలాగూ పాత్ర నోరు తెరవడానికి ముందే చెప్పేస్తున్నాడు. సి.ఎస్.ఆర్. శకునిగా మెల్లిగా మెడ తిప్పి, కనుబొమ ఎత్తి, ఒక్క క్షణం ఆగుతాడు చూడండి, ఆ ఆగడంలోనే ఉంది అంతా. ఆ జాగాలో ఈయన డైలాగు పడేస్తున్నాడు. అన్నం తినేవాడి నోట్లో ముద్ద ఎవరో పెట్టేసినట్టు ఉంది. పళ్ళు కొరుక్కున్నాను. కాసేపటికి నేనే అంతకంటే ఘనకార్యం చేస్తానని అప్పుడు తెలీదు.

‘లాహిరి లాహిరి’ వచ్చింది. ముందే చెప్పిన ప్రకారం అందరం ఫోన్లలో లైట్లు వేసి చేతులెత్తి ఊపాం. హాలంతా దీపాల కొలనులా ఉందని మైకు కుర్రాడు మురిసిపోయాడు. కానీ ఆ కొలను వెలుగు తెరమీద పడి సినిమా తెల్లబోయింది. కెమెరామాన్ మార్కస్ బార్ట్‌లే ఎన్నూరు దగ్గర నీళ్ళమీద పట్టపగలు తీసి వెన్నెలలా భ్రమింపజేశాడని ఆ పాట గురించి చెప్పుకుంటారు. ఆయన పగటిని వెన్నెల చేస్తే, మేం వెన్నెలని పగలు చేశాం. సావిత్రి మొహం మీద నీడలేవీ లేవు. పడవ ఎక్కడుందో, నీళ్ళెక్కడున్నాయో తెలీడం లేదు.

“ఆర్పండర్రా!” అంది పిన్ని. ఈసారి మెల్లిగా అనలేదు. “వెన్నెల చూడనివ్వండి!”

ముందు మా వరస ఆర్పింది. తర్వాత మా వెనకవాళ్ళు. నడవా దాటి అసమదీయుల వైపు ఒక్కొక్కటే ఆరుతుంటే, తెరమీద నీళ్ళు మెరవడం మొదలైంది. అందరికంటే చివర ఒక్క దీపం మిగిలింది, ఎవరో ఫోన్లో లైటు ఆర్పడం రాక తంటాలు పడుతున్నారు. అదీ ఆరింది. ఎవరూ చెప్పకుండానే పాడటం కూడా తగ్గించేశారు. పూర్తిగా మానలేదు, పెదాల్లోనే. పడవల్లో జంటలు మారుతున్నా గొంతులు ఘంటసాల, లీలలవే. వాళ్ళ కింద మూడొందల మంది కూనిరాగం సన్నగా, దుప్పటి కప్పినట్టు. ఆ సాయంత్రం మొత్తంలో నాకు మిగిలింది ఏమిటని ఎవరైనా అడిగితే ఆ రెండు మూడు నిమిషాలే చెబుతాను.

ఘటోత్కచుడు వచ్చాక మళ్ళీ గోల. రంగారావు గద భుజాన వేసుకుని కనబడగానే తొడలు చరిచిన చప్పుడుకి కుర్చీలదిరాయి. ‘అష్టదిక్కుంభి’ పద్యం మొదలవగానే మాత్రం నియమం ప్రకారం గప్‌చిప్. మాధవపెద్ది సత్యం గొంతు ఆ పెద్ద స్పీకర్లలో వింటే అర్థమైంది, ఇన్నాళ్ళూ టీవీలో విన్నది పద్యం నీడ మాత్రమే. పద్యం అయిందో లేదో, ముందు వరసలోంచి ఒక ముసలాయన లేచి “వన్స్ మోర్!” అన్నాడు. పద్యనాటకాలు చూసి పెరిగిన గొంతు అది. స్టేజీమీద కృష్ణుడు అలాంటి కేక వింటే రాయబారం ఆపి మళ్ళీ రాగం ఎత్తుకునేవాడు. తెర ఎలా ఎత్తుకుంటుంది? కానీ హాలంతా వన్స్ మోర్ అంది. పైన ఆపరేటరుకి ఏం తోచిందో, సినిమా ఆగింది. రంగారావు వెనక్కి నడిచాడు. పద్యం మళ్ళీ మొదలైంది. ముసలాయన కూచున్నాడు, చేతులు రెండూ ఎత్తి ఆపరేటరుకి దణ్ణం పెట్టి.

ఇక నా ఘనకార్యం. చిన్నమయ పాఠం చెప్పే సీను, రమణారెడ్డి శిష్యులతో అవస్థ పడేది. మనవాళ్ళు అసమదీయులైతే కానివాళ్ళు తసమదీయులని కొత్త మాట పుడుతుంది, దానిమీద ఘటోత్కచుడి తీర్పు. ఈ సినిమాకి మాటలు పుట్టించిన రచయిత పింగళి నాగేంద్రరావు తన గురించి తనే ఇప్పించుకున్న సర్టిఫికెట్టు అది. ఈ డైలాగు నేను ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని ఆఫీసు పార్టీల్లో చెప్పానో. లేచి నుంచున్నాను. గుండెనిండా గాలి పీల్చి, రంగారావుకంటే అరక్షణం ముందు అరిచాను, “ఎవరూ పుట్టించకుండా మాటలెలా పుడతాయి!”

పక్కనుంచి పిన్ని “పుట్టించకపోతే!” అంది. అటువైపెవరో “మాటలెలా పుడతాయి, ఎవరూ పుట్టించకపోతే” అని తిరగేసి అన్నారు. వెనక ముందస్తు ఆయన తనదో పాఠం అందుకున్నాడు. మూడొందల మందీ ఎవరి పాఠం వాళ్ళు అరిచారు, అందరూ దాని తర్వాత వీరతాళ్ళు గాల్లోకి ఎగరేశారు. తెరమీద రంగారావు పెదాలు కదిలి ఆగిపోయాయి. ఆయన ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు. నేను కూచున్నాను. వెనకాయన నా భుజం తట్టి “బాగా అన్నారు,” అన్నాడు. ఆ మెచ్చుకోలు నాకు గుచ్చుకుంది.

ఇంటర్వెల్లో సత్యపీఠం వేశారు. మెరుపు కాగితం చుట్టిన ముక్కాలిపీట. సినిమాలో దానిమీద కాలు పెడితే శకుని అంతటివాడు కూడా నిజం కక్కేస్తాడు. ఇక్కడ ఎక్కినవాళ్ళు మైకులో ఓ నిజం చెప్పి దిగాలి. ఒక కాలేజీ పిల్ల ‘నేను ఇదే మొదటిసారి చూడటం, ఫ్రెండ్సుకి పదిసార్లు చూశానని చెప్పాను’ అంది. ఒకాయన తన పాతిక రూపాయల పందెం కథేదో చెప్పాడు, ఎవరికీ సరిగ్గా తెలియలేదు. నన్ను తోశారు. ఎక్కి, “ఈ సినిమా యాభైసార్లు చూశానని చెబుతుంటాను. శశిరేఖా అభిమన్యుల పెళ్ళి ఎక్కడ జరుగుతుందో ఇప్పటికీ తడుముకుంటాను, ఎప్పుడూ అప్పటికి నిద్రపోతాను,” అన్నాను. దిగబోతుంటే పిన్ని వచ్చి నా చెయ్యి పట్టుకుని పీట ఎక్కింది. ఆ పీట మీదకి తనని ఎవరూ తొయ్యలేదు.

“మా ఈడు ఆడపిల్లలందరికీ అభిమన్యుడంటే ఇష్టం, నాగేశ్వరరావు అందం అలాంటిది,” అని మొదలుపెట్టింది. “నేనూ అలాగే అనేదాన్ని. నిజం చెప్పమన్నారు కనక చెబుతున్నా. నాకు మొదటినుంచీ దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడే ఇష్టం. రేలంగి. ఆ పిల్లవాడికి పెళ్ళంటే ఎంత సరదా! అంత సరదా పడేవాణ్ణి అందరూ కలిసి ఏడిపించారు.”

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత తసమదీయుల వైపు సీట్లు ఊగిపోయాయి. ఈలలు, పింఛాలు ఊపడం. ఎవరో “రేలంగికి జై” అన్నారు. టికెట్టు బుక్ చేసేటప్పుడు బాత్రూం అనుకున్నవాణ్ణి, నేను తలొంచుకుని నవ్వుకున్నాను. మా బాబాయి గుర్తొచ్చాడు. పొట్టిగా, బొద్దుగా, పెళ్ళిళ్ళంటే ముందురోజే తయారయ్యే మనిషి. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. పిన్నిని ఏమీ అడగలేదు.

రెండో సగంలో ఇక ఎవరినీ ఆపేవాళ్ళు లేరు. ‘అహ నా పెళ్ళియంట’కి ఆడవాళ్ళందరూ నడవాలోకి దిగారు. మగగొంతు వచ్చే చోట మైకు కుర్రాడు మగవాళ్ళని పాడమన్నాడు. ఘంటసాల అంత సులువుగా పాడిన ముక్క మా గొంతుల్లో అడ్డం తిరిగింది. అక్కడ ఉన్నది శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు కదా, సావిత్రి ఒళ్ళు ఆడపిల్లది, భుజాలు మాత్రం రాక్షసుడివి. ఆ రెండూ ఒక మనిషిలో ఎలా పెట్టుకుందో అని చూస్తూ నేను పాడటం మర్చిపోయాను.

‘వివాహ భోజనంబు’ దగ్గర తెలిసింది అన్నిటికంటే కష్టమైనది నవ్వడమని. పాడటం ఎవరైనా పాడతారు. పాట మధ్యలో తాళం తప్పకుండా, ఊపిరి తీసుకోకుండా ఆ నవ్వు నవ్వి చూడండి. ఖాళీ పళ్ళేలు పట్టుకుని మూడొందలమందిమి మొదలుపెట్టాం. రెండో విడతకి సగం హాలు దగ్గుతోంది. లడ్డూలు వాటంతటవే ఎగిరి రంగారావు నోట్లో పడుతుంటే, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ చూశాం.

శశిరేఖా అభిమన్యుల పెళ్ళి వచ్చేసరికి నేను మెలకువగానే ఉన్నాను, జీవితంలో మొదటిసారి. ఉన్నట్టుండి నా నెత్తిమీద గరగరమని ఏదో పడింది. తడిమి చూస్తే పసుపు బియ్యం. పిన్ని చేతిసంచీలోంచి రుమాలు మూట తీసి, ముందువరస వాళ్ళమీదా, నా మీదా, అటూ ఇటూ చల్లేస్తోంది. “నియమాలు చదివావు కదా పిన్నీ!” అన్నాను. “తెరమీదకి వెయ్యలేదుగా,” అంది. లక్ష్మణకుమారుడి కాలు తొక్కే సీనుకి మాత్రం తసమదీయులం నవ్వలేదు. “అయ్యో” అన్నాం, గట్టిగా, అందరం ఒక్కసారే.

ఆట అయ్యాక చీపురు పట్టుకుని వచ్చినావిడ మా వరస చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది. పిన్ని వంగి బియ్యం ఏరబోయింది, మోకాళ్ళు సహకరించలేదు. నేను ఏరాను. “పెళ్ళి ఎవరిదమ్మా?” అందావిడ. “శశిరేఖది,” అంది పిన్ని.

ఇంటికొచ్చేసరికి పదకొండు దాటింది. కళ్ళజోడు తీద్దామంటే రాదు. రెండు వీరతాళ్ళ పోగులూ నల్లతాడుకి ముళ్ళు పడిపోయాయి. కత్తెర తెచ్చాను.

“కొయ్యకు. విప్పు,” అంది.

దీపం కింద కూచుని గోళ్ళతో విప్పడం మొదలుపెట్టాను. మనసులో ఆ డైలాగు గుచ్చుతూనే ఉంది. పక్కన ఫోను పెట్టి, చిన్నమయ సీను వెతికి, సౌండు పెంచాను. రంగారావు చెప్పాడు. గొంతులు కలపనివాళ్ళ మధ్య, హాయిగా, ఒక్కడూ.

“చూశావా, నేనన్నట్టే అన్నాడు,” అంది పిన్ని.

“నువ్వు హాల్లో అన్నది ఇది కాదు.”

“నువ్వెక్కడ విన్నావురా? అరుస్తున్నావుగా.”

ఫోను మళ్ళీ వెనక్కి జరిపాను. మొదటి వీరతాడు ఊడింది, రెండోదాని ముడి ఇంకా చేతికి రావడం లేదు.